డ్రమ్స్ టైమింగ్ సరిచేయడం: కోయాలా, సాగదీయాలా, గ్రిడ్‌నే వంచాలా?

డ్రమ్స్ రికార్డింగ్ అయిపోయింది. వాయింపు బాగుంది, సౌండ్ బాగుంది. తీరా క్లిక్‌తో (వేగం చూపే టిక్ టిక్ శబ్దంతో) కలిపి వింటే రెండో చరణంలో స్నేర్ (కర్రలతో కొడితే పదునుగా మోగే డ్రమ్) వెనకబడుతోంది, ఒక ఫిల్ (మధ్యలో వచ్చే చిన్న అలంకారపు వాయింపు) తొందరపడి ముందే వచ్చేసింది, చివరి పల్లవిలో కిక్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) అటూ ఇటూ ఊగుతోంది. సాఫ్ట్‌వేర్ తెరిస్తే దీన్ని సరిచేసే దారులు చాలానే ఉంటాయి. ఒక్కో దెబ్బనూ చేత్తో కోసి జరపొచ్చు. ఆ కోతపని సాఫ్ట్‌వేర్‌కే అప్పగించొచ్చు. ఆడియోను సాగదీసి, కుదించి గ్రిడ్‌కు (తెర మీద బీట్లను చూపే గీతలకు) చేర్చొచ్చు. కిక్, స్నేర్‌ల చోట శాంపిల్స్ (ముందే రికార్డు చేసి ఉంచిన విడి దెబ్బలు) పెట్టేయొచ్చు. అసలు డ్రమ్స్‌ను ముట్టుకోకుండా గ్రిడ్‌నే వాటికి తగ్గట్టు వంచొచ్చు.

ఏ సాఫ్ట్‌వేర్ గొప్పదన్న వాదనలు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి గానీ, ఇక్కడ ఎంపికను తేల్చేది మీ రికార్డింగే. ఎన్ని మైకులు పెట్టారు, సింబల్స్ (కిట్‌లోని లోహపు పళ్లేలు) ఎంతసేపు మోగుతున్నాయి, క్లిక్ వింటూ వాయించారా లేదా, ఈ మూడు తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఎక్కువ మైకులతో రికార్డు చేసిన నిజమైన డ్రమ్ కిట్ అయితే కోసి జరిపే పద్ధతికే నా ఓటు. సాగదీయడం ఆ తర్వాతే.

కోత మొదలుపెట్టే ముందు

అసలు తప్పు డ్రమ్మర్‌దేనా అన్నది మొదట తేల్చుకోవాలి. పాటలో వేర్వేరు చోట్ల కొన్ని దెబ్బల్ని జూమ్ చేసి చూడండి. అన్నీ ఒకే లెక్కన, ఉదాహరణకు దాదాపు 12 మిల్లీసెకన్ల చొప్పున, గ్రిడ్‌కు కుడివైపున ఉన్నాయనుకోండి. వాయించిన మనిషి తప్పు ఏమీ లేకపోవచ్చు. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో జరిగే ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్ సరిగా లెక్కకట్టకపోతే ఇలాగే కనిపిస్తుంది. డ్రమ్ ట్రాకులన్నీ కలిపి పట్టుకుని అంతే దూరం ఎడమకు జరిపితే చాలు. 48 కిలోహెర్ట్జ్ సెషన్‌లో ఒక మిల్లీసెకను అంటే 48 శాంపిల్స్ (ఇక్కడ ఈ మాటకు డిజిటల్ ఆడియోలోని విడి కొలతలని అర్థం), కాబట్టి ఇక్కడ 576 శాంపిల్స్. ఒక్క నిమిషం పని. ఇది చూసుకోకుండా క్వాంటైజ్ (దెబ్బల్ని దానంతటదే గ్రిడ్‌కు చేర్చే ఆదేశం) నొక్కేసి, అవసరమే లేని వందల కోతలు పెట్టుకునేవాళ్లు చాలామంది.

రెండోది, మిగతా టేకులు, అంటే అదే పాటను మళ్లీ వాయించిన రికార్డింగులు. ఒక బార్ (సాధారణంగా నాలుగు బీట్ల ఆవర్తం) పాడైతే అదే బార్ వేరే టేకులో బాగుండే అవకాశం ఎక్కువ. మొదటి పల్లవిలో సరిగ్గా పడిన రెండు బార్లను మూడో పల్లవిలోకి తెచ్చుకోవచ్చు. బార్ మొదట్లో ఒక కోత, చివర ఒక కోత, అంతే. ఇరవై దెబ్బల్ని విడివిడిగా జరపడం కంటే ఇది వినడానికి ఎంతో సహజంగా ఉంటుంది. అందుకే ముందు టేకుల్లోంచి మంచివి ఏరి ఒక పూర్తి ట్రాక్ తయారుచేసుకోవాలి, టైమింగ్ పని ఆ తర్వాత.

మూడోది, ఎంత తేడా అయితే తప్పు అనుకోవాలన్నది. 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్ల) పాటలో ఒక బీట్ 500 మిల్లీసెకన్లు, అందులో పదహారో నోటు (బీట్‌లో నాలుగో వంతు) 125. ఈ వేగంలో ఒక స్నేర్ 8 మిల్లీసెకన్లు ఆలస్యమైతే దాన్ని చెవి పట్టుకోవడం కష్టం. స్నేర్ ప్రతిసారీ అదే 10 మిల్లీసెకన్లు వెనక పడుతుంటే అది ఆ డ్రమ్మర్ శైలి. పాటకు ఆ నింపాదితనం వచ్చేది అందులోంచే, దాన్ని చెరిపేయకండి. ఒక స్నేర్ 10 వెనక, తర్వాతది 15 ముందు, దాని తర్వాతది 25 వెనక పడితే మాత్రం తప్పు. తెర వంక చూడకుండా పాటంతా ఒకసారి వినండి. చెవికి గుచ్చుకున్న చోటల్లా మార్కర్ పెట్టండి. గ్రిడ్ గీతలు చూస్తూ కూర్చుంటే ప్రతి దెబ్బా తప్పుగానే కనిపిస్తుంది.

అన్ని పద్ధతులకూ ఒకటే షరతు

డ్రమ్స్ ఎడిటింగ్‌ను మిగతా వాద్యాల ఎడిటింగ్ కంటే కష్టం చేసేది ఫేజ్, అంటే ఒకే శబ్దం వేర్వేరు మైకుల్లోకి చేరే సమయాల పొత్తు. స్నేర్ మీద పడిన ఒక్క దెబ్బ స్నేర్ మైకులోకే కాదు, హై హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్) మైకులోకీ, టామ్ మైకుల్లోకీ, ఓవర్‌హెడ్స్‌లోకీ (కిట్ పైన పెట్టే మైకులు), రూమ్ మైకుల్లోకీ (గదిలో దూరంగా పెట్టేవి) వెళ్తుంది. గాలిలో శబ్దం వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. అంటే మీటరు దూరానికి సుమారు 3 మిల్లీసెకన్లు. స్నేర్‌కు మీటరు ఎత్తున ఉన్న ఓవర్‌హెడ్‌లో ఆ దెబ్బ 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా, నాలుగు మీటర్ల దూరంలోని రూమ్ మైకులో 12 మిల్లీసెకన్లు ఆలస్యంగా కనిపిస్తుంది. కిట్‌కు ఉండే లోతు, గది అనుభూతి ఈ తేడాల్లోంచే వస్తాయి. వాటిని తప్పులనుకుని సర్దేయకూడదు.

ఇప్పుడు స్నేర్ మైకు ట్రాక్‌ను మాత్రమే జరిపారనుకోండి. ఓవర్‌హెడ్‌లోని స్నేర్ పాత చోటే ఉండిపోతుంది. జరిపింది ఎక్కువైతే రెండు దెబ్బలు వినిపిస్తాయి. తక్కువైతే ఇంకా ఇబ్బంది, ఎందుకంటే తప్పు ఎక్కడుందో వెంటనే తెలియదు, సౌండ్ మాత్రం డొల్లగా మారిపోతుంది. ఒకే శబ్దం, ఒకే స్థాయిలో, 5 మిల్లీసెకన్ల తేడాతో రెండుసార్లు కలిస్తే 100, 300, 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ తర్వాత ఎంత ఈక్వలైజర్ తిప్పినా ఆ లోటు తీరదు.

కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా డ్రమ్ ట్రాకులన్నీ ఒకే గ్రూపులో ఉండాలి. కోత అన్నింటిలో ఒకే చోట పడాలి, జరగడం అన్నీ ఒకే దూరం జరగాలి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో చూస్తే, ప్రో టూల్స్‌లో ఎడిట్ గ్రూప్, రీపర్‌లో ఐటమ్ గ్రూపింగ్, లాజిక్‌లో గ్రూప్ సెట్టింగుల్లోని క్వాంటైజ్ లాక్డ్ ఆప్షన్, క్యూబేస్‌లో ఫోల్డర్ ట్రాక్ మీది గ్రూప్ ఎడిటింగ్ ఈ పనికే. క్యూబేస్‌లో ఈ సౌకర్యం 2011లో వచ్చిన ఆరో వెర్షన్‌తో మొదలైంది. మీ సాఫ్ట్‌వేర్‌లో గ్రూపు నమ్మకంగా పనిచేస్తుందో లేదో ఒక బార్ మీద పరీక్షించాకే పాట మీద చెయ్యి పెట్టండి.

చేత్తో కోసి జరపడం

నెమ్మదైన పద్ధతి, ఫలితం మాత్రం అన్నింటికన్నా శుభ్రంగా ఉంటుంది. ఆడియో అసలు రూపం మారదు, చోటు మాత్రమే మారుతుంది. అందుకే సౌండ్ చెడదు. అయితే కోత ఎక్కడ పెట్టాలి, ఖాళీని ఎలా నింపాలి అన్న రెండు విషయాల్లో పట్టు రావాలి.

కోతను దెబ్బ నెత్తిన పెట్టకూడదు. దెబ్బ మొదలయ్యే ఆ మొదటి ఎగుడును ట్రాన్సియంట్ అంటారు. దానికి 5 నుంచి 10 మిల్లీసెకన్లు ముందు కోయాలి. ఏ దెబ్బను జరుపుతున్నారో దాని దగ్గరి మైకును చూసి కోత చోటు నిర్ణయించుకుంటే సరిపోతుంది, దూరపు మైకుల్లో ఆ దెబ్బ ఎలాగూ తర్వాతే వస్తుంది కాబట్టి అది క్షేమంగా కోతకు కుడివైపునే ఉంటుంది.

ఇక జరపడం. ముందే పడిన దెబ్బను కుడికి జరిపితే దాని ఎడమవైపు ఖాళీ ఏర్పడుతుంది. ఈ ఖాళీని నింపడానికి చాలామంది ముందున్న ముక్క చివరను పట్టుకుని కుడికి లాగుతారు. అక్కడే దొరికిపోతారు. ముందు ముక్కకు కొనసాగింపుగా అసలు రికార్డింగులో ఉన్నది అదే దెబ్బ కదా, లాగగానే దాని మొదలు బయటపడుతుంది, ఒక దెబ్బ రెండుసార్లు టకటకమని వినిపిస్తుంది. చేయాల్సింది దీనికి తలకిందులు. జరిపిన ముక్క ఎడమ అంచును పట్టుకుని ఖాళీలోకి లాగాలి. అప్పుడు వచ్చేది పాత దెబ్బ మోత చివరి భాగం. అది కొన్ని మిల్లీసెకన్లు మళ్లీ వినిపిస్తుంది, అయితే మోత మీద మోత కాబట్టి చెవి పట్టించుకోదు. ఆలస్యంగా పడిన దెబ్బను ఎడమకు జరిపితే ఖాళీ సమస్య లేదు, ముందు ముక్క చివర కొంచెం దాని కింద కప్పబడుతుంది. అయితే దాని వెనక, అంటే తర్వాతి దెబ్బకు ముందు, కొత్త ఖాళీ తెరుచుకుంటుంది. దాన్ని కూడా తర్వాతి ముక్క ఎడమ అంచును లాగే నింపాలి.

రీపర్‌లో, క్యూబేస్‌లో ముక్క అంచులు కదలకుండా లోపలి ఆడియోను మాత్రమే జరిపే వీలుంది. రీపర్‌లో ఆల్ట్ నొక్కి లాగితే అదే జరుగుతుంది. దీన్నే స్లిప్ ఎడిటింగ్ అంటారు. అంచులు కదలవు కాబట్టి ఖాళీలు రావు, అలవాటైతే చాలా వేగంగా నడుస్తుంది. కుడికి జరిపేటప్పుడు దీనితో పేచీ లేదు. ఎడమకు జరిపేటప్పుడు జాగ్రత్త. దెబ్బకు 5 మిల్లీసెకన్లు ముందు కోసి, ఆడియోను 12 మిల్లీసెకన్లు ఎడమకు తోస్తే దెబ్బ తల అంచు అవతలకు పోయి తెగిపోతుంది, మెత్తగా, పస లేకుండా వినిపిస్తుంది. కుడి చివర చూస్తే తర్వాతి దెబ్బ ముక్కు బయటికి తొంగిచూస్తుంటుంది. ముందు అంచులను కూడా ఎడమకు సర్ది, తర్వాత క్రాస్‌ఫేడ్ వేయాలి, అంటే ఒక ముక్క తగ్గుతూ రెండోది పెరుగుతూ కలిసేలా చేయాలి.

క్రాస్‌ఫేడ్ పొడవు మామూలుగా 3 నుంచి 10 మిల్లీసెకన్లు చాలు. అది ట్రాన్సియంట్‌కు ముందే ముగియాలి, లేదంటే దెబ్బ పదును ఫేడ్‌లో కరిగిపోతుంది. రెండు వైపులా ఉన్నది ఒకే మోతలోని వేర్వేరు క్షణాలు కాబట్టి ఈక్వల్ పవర్ ఫేడ్ బాగా కుదురుతుంది. ఈక్వల్ గెయిన్ పెడితే మధ్యలో మోత కొంచెం కుంగినట్టు వినిపించే అవకాశం ఉంది.

చేతిపనికి అసలు పరీక్ష సింబల్స్. క్రాష్ సింబల్ కొట్టాక అది సెకన్ల తరబడి మోగుతుంది. ఆ మోతలో ఐదారు కోతలు పడితే ప్రతి కోత దగ్గరా అది చిన్నగా గతుక్కుమంటుంది. దీనికి రెండు ఉపాయాలు. ఒకటి, కోతను వీలైనంతవరకు గట్టి దెబ్బల ముందే పెట్టడం. స్నేర్ పడిన క్షణంలో దాని బిగ్గరతనం కింద సింబల్ గతుకు మరుగున పడుతుంది. హై హ్యాట్ ముందు పెట్టిన కోతకు ఆ రక్షణ దొరకదు. రెండోది, చిన్న ముక్కల బదులు పెద్ద ముక్కలు జరపడం. అర బార్ మొత్తం 15 మిల్లీసెకన్లు వెనకబడి ఉంటే దాన్ని ఒకే ముక్కగా జరపండి. అందులోని నోట్ల మధ్య డ్రమ్మర్ పెట్టిన అంతరాలు చెక్కుచెదరవు. నాకైతే మంచి ఎడిట్‌కు గుర్తు కోతలు తక్కువగా ఉండటమే.

కోతను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించడం

ప్రో టూల్స్‌లోని బీట్ డిటెక్టివ్ దీనికి బాగా పేరున్న ఉదాహరణ. రీపర్‌లో డైనమిక్ స్ప్లిట్ చేసి ఐటమ్ పొజిషన్లను క్వాంటైజ్ చేస్తారు. క్యూబేస్‌లో హిట్‌పాయింట్లు గుర్తించి, అక్కడ ముక్కలు చేసి క్వాంటైజ్ చేస్తారు. సూత్రం పైన చెప్పిందే, కోయడం, జరపడం, ఖాళీ నింపడం, ఫేడ్ వేయడం. వందల కోతలు నిమిషాల్లో అయిపోతాయి. పాట పొడవునా సరిచేయాల్సినంత తేడాలుంటే ఇదే సరైన మార్గం.

వేగం చూసి పాటంతా ఒకేసారి సెలెక్ట్ చేయాలనిపిస్తుంది. చేయకండి. నాలుగు లేదా ఎనిమిది బార్ల చొప్పున నడవండి. దెబ్బ అసలు ఏ నోటుకు చెందిందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, దగ్గరున్న గ్రిడ్ గీతకు లాగేస్తుంది. 180 బీపీఎంలో పదహారో నోటు దాదాపు 83 మిల్లీసెకన్లు. అంటే 42 మిల్లీసెకన్లు దాటి తప్పిన దెబ్బ పక్క నోటుకు వెళ్లి అతుక్కుంటుంది. ట్రిప్లెట్ (మూడు సమ భాగాలుగా విడిన నోట్ల) ఫిల్‌ను పదహారో నోట్ల గ్రిడ్‌కు చేరిస్తే దాని రూపమే పోతుంది. ఫిల్స్‌ను ఆటోమేటిక్ వరుసలోంచి తప్పించి చేత్తో చూసుకోవడమే క్షేమం. స్వింగ్ (నోట్ల అంతరాలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా ఉండే ఊపు) ఉన్న పాటలకు గ్రిడ్‌లో స్వింగ్ శాతం సరిపోల్చుకోకపోతే నడక చచ్చిపోతుంది.

దెబ్బల్ని గుర్తించే సెన్సిటివిటీని ఓవర్‌హెడ్స్ మీద పెట్టి చూసుకోవడం చాలామంది చేసే పని. అక్కడ హై హ్యాట్ ప్రతి నోటూ దొరుకుతుంది, అవసరం లేని కోతలు రెట్టింపవుతాయి. కిక్, స్నేర్ దగ్గరి మైకుల నుంచి మాత్రమే గుర్తింపు తీసుకోండి. బీట్ డిటెక్టివ్‌లోని కలెక్షన్ మోడ్ ఇందుకే ఉంది. ఒక్కో ట్రాక్‌కు వేరే సెన్సిటివిటీతో దెబ్బలు ఏరి, అన్నింటినీ కలిపి ఒకే కోతల పట్టికగా చేస్తుంది. గోస్ట్ నోట్లు (స్నేర్ మీద మెల్లగా పడే చిన్న దెబ్బలు), హై హ్యాట్లు ఆ కిక్, స్నేర్ ముక్కలతో పాటే ప్రయాణిస్తాయి. అదే మనకు కావలసింది. ట్రిగ్గర్ ప్యాడ్ అనే సెట్టింగు కోతను దెబ్బకు ఎంత ముందు పెట్టాలో చెబుతుంది, దాన్ని సున్నా దగ్గర వదలకండి.

ఇక స్ట్రెంగ్త్. నూరు శాతం పెడితే ప్రతి దెబ్బా గీత మీద నిలబడుతుంది. 80 శాతం పెడితే 20 మిల్లీసెకన్ల తప్పు 4కు దిగుతుంది, 5 మిల్లీసెకన్లది ఒక్క మిల్లీసెకనుకు. పెద్ద తప్పులు పోతాయి, మనిషి వాయించాడన్న జాడ కొంత మిగులుతుంది. నేను 75 నుంచి 85 మధ్యే మొదలుపెడతాను. సింథ్‌లు, ప్రోగ్రామ్ చేసిన లూపులు నిండిన పాటలో డ్రమ్స్ వాటితో పోటీ పడాలి కాబట్టి నూరుకు దగ్గరగా వెళ్లాల్సి రావచ్చు. గిటారు, బేస్ మనుషులు వాయించిన పాటలో నూరు పెడితే డ్రమ్స్ ఒక పక్క, బ్యాండ్ ఒక పక్క అన్నట్టు వినిపిస్తుంది.

సాగదీయడం

ప్రో టూల్స్‌లో ఎలాస్టిక్ ఆడియో 2007లో 7.4 వెర్షన్‌తో వచ్చింది. లాజిక్‌లో ఫ్లెక్స్ టైమ్ 2009లో తొమ్మిదో వెర్షన్‌తో. క్యూబేస్‌లో ఆడియోవార్ప్, స్టూడియో వన్‌లో ఆడియో బెండ్, రీపర్‌లో స్ట్రెచ్ మార్కర్లు, ఏబుల్టన్ లైవ్‌లో వార్ప్, పేర్లు వేరైనా ఊహ ఒకటే. దెబ్బల మీద మార్కర్లు పడతాయి. మార్కర్‌ను జరిపితే దాని రెండు వైపులా ఉన్న ఆడియో ఒకవైపు సాగుతుంది, మరోవైపు కుదించుకుపోతుంది. ఖాళీలు లేవు, ఫేడ్‌లు లేవు, నచ్చకపోతే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకన్నా సులువైనది లేదు.

మరి దీన్ని రెండో వరసలో ఎందుకు పెట్టాను? సింబల్స్ వల్ల. సాగదీసే ఏ విధానమైనా ఉన్న ధ్వనిలోంచి లేని ధ్వనిని పుట్టించాలి. పాట గొంతులో, ప్యాడ్ సింథ్‌లో అది అంతగా తెలియదు. క్రాష్, రైడ్ లాంటి గోలగా మోగే లోహపు శబ్దంలో వెంటనే తెలిసిపోతుంది, నీళ్లలోంచి విన్నట్టు గరగరలాడుతుంది. కిక్ అడుగు బలం సడలుతుంది, స్నేర్ మొన మొద్దుబారుతుంది. ఒక్కో దెబ్బ దగ్గర ఇది చాలా చిన్న విషయం. పాట పొడవునా జరిగితే మొత్తం కిట్ మీద ముసుగు కప్పినట్టుంటుంది, ఎందుకో చెప్పలేరు.

అయినా వాడాలనుకుంటే అల్గోరిథం ఎంపికలోనే సగం ఫలితం ఉంది. పాలీఫోనిక్ రకాలు తీగల కోసం, పూర్తి మిక్స్‌ల కోసం. డ్రమ్స్ మీద వాటిని వదిలేయకండి. ప్రో టూల్స్‌లో రిథమిక్, లైవ్‌లో బీట్స్ మోడ్ ఎంచుకోండి. లాజిక్‌లోని ఫ్లెక్స్ స్లైసింగ్ ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది. పేరుకు ఫ్లెక్స్ కుటుంబమే అయినా ఇది ఆడియోను సాగదీయదు, దెబ్బల దగ్గర ముక్కలు చేసి వాటిని అసలు వేగంలోనే జరుపుతుంది. ఖాళీలను నింపడానికి, మోతను తగ్గించడానికి విడిగా సెట్టింగులున్నాయి. లాజిక్ వాడేవారికి కోత శుభ్రత, ఫ్లెక్స్ సౌకర్యం రెండూ ఒకేచోట దొరికినట్టే. నిజమైన కిట్ మీద ఫ్లెక్స్ పెట్టాలంటే నేను ముందు దీన్నే ప్రయత్నించమంటాను. కిక్, స్నేర్ ట్రాకులకు మాత్రమే క్యూ రిఫరెన్స్ (ఆ ట్రాక్ దెబ్బలనే ఆధారంగా తీసుకోమనే సెట్టింగు) ఆన్ చేసి, ఓవర్‌హెడ్స్‌కు ఆపేస్తే గుర్తింపు శుభ్రంగా ఉంటుంది.

ఒక దెబ్బను మాత్రమే జరపాలంటే దానికి ముందు, వెనక ఉన్న దెబ్బల మీద కూడా మార్కర్లు పెట్టి బిగించండి. లేకపోతే సాగుడు రెండు మూడు బార్ల వరకు పాకుతుంది, బాగున్న చోట్లు కూడా పాడవుతాయి.

సాగదీయడం నిజంగా రాణించే చోట్లు కూడా ఉన్నాయి. ఒకే మైకుతో రికార్డు చేసిన షేకర్, టాంబరీన్, చప్పట్లు. డ్రమ్ మెషీన్ లూపులు. సింబల్స్ పెద్దగా లేని, పొడిగా మోగే కిట్. మొత్తం ట్రాక్‌లో రెండు మూడు చోట్ల 10 మిల్లీసెకన్ల సర్దుబాటు. లేదా పాట ఇంకా డెమో దశలోనే ఉండి, రేపు వేగం మారవచ్చనుకున్నప్పుడు. ఇలాంటి వాటికి కోత పెట్టుకుని కూర్చోవడం దండగ.

శాంపిల్స్ పెట్టేయడం

ఇది టైమింగ్‌కు పరిష్కారమని కొందరు అనుకుంటారు. కాదు. కిక్, స్నేర్ ట్రాకుల చోట సరైన సమయానికి శాంపిల్స్ పెట్టినా ఓవర్‌హెడ్స్‌లో పాత దెబ్బలు అక్కడే ఉంటాయి. ఒక్క మినహాయింపు కిక్‌కు ఇవ్వొచ్చు. ఓవర్‌హెడ్స్‌లో కింది ఫ్రీక్వెన్సీలను ఫిల్టర్‌తో బాగా తగ్గించేస్తే అక్కడ కిక్ దాదాపు మాయమవుతుంది, అప్పుడు దగ్గరి కిక్ మైకును విడిగా సర్దినా, శాంపిల్‌తో మార్చినా పట్టుబడదు. మెటల్ సంగీతంలో ఇది రోజువారీ పనే. 200 బీపీఎంలో డబుల్ కిక్ పదహారో నోట్లు 75 మిల్లీసెకన్లకొకటి పడతాయి. ప్రతి కిక్ దగ్గరా మొత్తం కిట్‌ను కోస్తే సింబల్స్ పీలికలైపోతాయి కాబట్టి కిక్‌ను వేరుచేయడమే నయం. రూమ్ మైకులు గట్టిగా వాడే మిక్స్‌లో మాత్రం ఈ కిటుకు పనిచేయదు.

గ్రిడ్‌ను వంచడం

క్లిక్ లేకుండా వాయించిన పాటకు పైవన్నీ తప్పుడు మందులే. అక్కడ వేగం సహజంగానే పల్లవిలో కొంచెం పెరుగుతుంది, చరణంలో తగ్గుతుంది. దాన్ని స్థిరమైన గ్రిడ్‌కు కట్టేస్తే వందల కోతలు, భారీ సాగుడు, పైగా పాట ఊపిరి ఆగిపోతుంది. ఇలాంటప్పుడు డ్రమ్స్ నుంచి టెంపో మ్యాప్ తయారుచేయాలి. బార్ మొదటి దెబ్బ ఎక్కడ పడిందో అదే ఆ బార్ మొదలు అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పడమన్నమాట. ప్రో టూల్స్‌లో ఐడెంటిఫై బీట్‌తో చేత్తో చేయొచ్చు, బీట్ డిటెక్టివ్ కూడా బార్ మార్కర్లు సృష్టిస్తుంది. లాజిక్‌లో 2018 నాటి 10.4 వెర్షన్ నుంచి స్మార్ట్ టెంపో ఉంది. క్యూబేస్‌లో టెంపో డిటెక్షన్ ఉంది. మ్యాప్ అయ్యాక డిలే ఎఫెక్టులు, మిడి భాగాలు (కంప్యూటర్ వాయించే నోట్లు), కొత్తగా వాయించేవారికి ఇచ్చే క్లిక్, అన్నీ డ్రమ్మర్ వెంటే నడుస్తాయి.

ఇందులో ఉన్న అసలు లాభం చాలామంది వాడుకోరు. మ్యాప్‌ను ప్రతి దెబ్బకూ కాకుండా బార్‌కు ఒకటి, లేదా రెండు బార్లకు ఒకటి చొప్పున పెట్టండి. అప్పుడు పాట వేగంలోని పెద్ద అలలు అలాగే ఉంటాయి, బార్ లోపల తప్పిన దెబ్బలు మాత్రం గ్రిడ్‌కు పక్కగా స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని మాత్రమే పైన చెప్పిన పద్ధతుల్లో కోసి సర్దుకోవచ్చు. క్లిక్ లేని రికార్డింగుకు నాకు తెలిసినంతలో ఇదే మంచి జోడీ.

మ్యాప్ చేసే ముందు ఒక్కటి చూసుకోండి. ఆడియో ట్రాకులు టెంపోకు కట్టుబడి ఉన్నాయా, గడియారానికి కట్టుబడి ఉన్నాయా? టెంపోకు కట్టి ఉంటే మీరు మ్యాప్ మార్చగానే ఆడియో కూడా జరిగిపోతుంది, అంతా గందరగోళం. ప్రో టూల్స్‌లో ట్రాక్ టైమ్‌బేస్‌ను శాంపిల్స్‌లో పెట్టాలి, రీపర్‌లో టైమ్ అని.

మీ సందర్భంలో ఏది

డ్రమ్మర్ ఇంకా అక్కడే ఉండి, కిట్ విప్పకుండా, మైకులు కదలకుండా ఉంటే పైవన్నీ పక్కన పెట్టి ఆ నాలుగు బార్లు మళ్లీ వాయించమనండి. పంచ్ చేయడానికి (ఆ ముక్కను మాత్రమే మళ్లీ రికార్డు చేయడానికి) పది నిమిషాలు, అదే ఫిల్‌ను సరిచేయడానికి గంట. మర్నాటికి కిట్ మళ్లీ బిగిస్తే మాత్రం స్నేర్ స్రుతి, మైకు కోణం మారి అతుకు తెలిసిపోతుంది. అప్పుడు ఎడిటింగే మేలు.

క్లిక్‌కు వాయించారు, మైకులు ఎనిమిదో పదో, తప్పులు అక్కడక్కడా మాత్రమే. చేత్తో కోయండి. అదే రికార్డింగులో తప్పులు అడుగడుగునా ఉంటే బీట్ డిటెక్టివ్ తరహా పరికరం, ఫిల్స్ మాత్రం చేత్తో. లాజిక్‌లో ఉంటే ఫ్లెక్స్ స్లైసింగ్. రెండు మైకులతో తీసిన డెమో అయితే సాగదీసేయండి, ఎవరూ కొట్టుకోరు.

బ్యాండ్ అంతా ఒకే గదిలో కలిసి వాయించిన రికార్డింగు వేరే కథ. గిటారు ఆంప్ శబ్దం ఓవర్‌హెడ్స్‌లో ఉంటుంది, డ్రమ్స్ శబ్దం పాట మైకులో ఉంటుంది. డ్రమ్స్‌ను ఒక్కటే జరిపితే ఆ గిటారు నీడ పాత చోటే వినిపిస్తుంది. కోస్తే అన్ని ట్రాకులనూ అడ్డంగా కోయాలి, లేదా వేరే టేకు ఎంచుకోవాలి. ఇలాంటి దాంట్లో కొంచెం ఊగుడును వదిలేయడమే నా సలహా.

బేస్ ఇప్పటికే రికార్డయి ఉంటే ఇంకో చిక్కు. బేస్ వాయించిన మనిషి ఆ వదులుగా ఉన్న కిక్ వింటూనే వాయించి ఉంటాడు. కిక్‌ను గీత మీదకు తెస్తే బేస్ తప్పుగా వినిపించడం మొదలవుతుంది, నిన్నటిదాకా బాగానే ఉన్నది. అందుకే డ్రమ్స్ ఎడిటింగ్ మిగతా వాద్యాల కంటే ముందే అయిపోవాలి. కుదరకపోతే బేస్‌ను కూడా సర్దడానికి సమయం లెక్కలో వేసుకోండి.

పని అయ్యాక క్లిక్ ఆపేసి పాటంతా వినండి. తర్వాత ఓవర్‌హెడ్స్ మాత్రమే సోలో చేసి వినండి. కిక్, స్నేర్ మోతలో దాగిన గతుకులు, రెట్టింపు దెబ్బలు అక్కడే బయటపడతాయి. రూమ్ మైకులు కూడా ఒకసారి. మోనోలో విన్నప్పుడు స్నేర్ పలచబడితే ఎక్కడో ఒక ట్రాక్ గ్రూపులోంచి జారిపోయిందని అర్థం, ఆ చోటు వెతికి పట్టుకోవాలి. అంతా సరిగ్గా ఉందనిపించాక ఎడిట్ చేయని అసలు ట్రాకుల ప్రతి ఒకటి పక్కన భద్రపరిచి, ప్రతి ట్రాక్‌నూ పాట మొదటి బార్ నుంచి చివరి దాకా ఒకే ముక్కగా కన్సాలిడేట్ చేసి మిక్స్‌కు పంపండి.